తిట్టుకోవడానికొక మనిషి

ఆ వేసవిలో ఎవరు చనిపోయినా మా స్టేషన్లో ఒకటే మాట అనేవాళ్ళం: "తనే." ఎలా పోయాడంటే తనే. ఎవరు చేశారంటే తనే. మేడల మీంచి, వంతెనల మీంచి, గడియ పెట్టిన గదుల్లోంచి శవాలు వస్తుంటే ఒక్కొక్కదాని వెనక కారణం వెతకడానికి మా దగ్గర మనుషులు లేరు. వెతికి చెప్పినా వినే దిక్కు లేదు. సగంమంది పోలీసులు టోపీలు బల్ల మీద పెట్టి ఇళ్ళకు వెళ్ళిపోయారు. కోర్టుకు తాళం పడింది. జైలు తలుపులు తీసేశారు. బయటికి వచ్చినవాళ్ళలో కొందరు ఎక్కడికి వెళ్ళాలో తోచక సాయంత్రానికి తిరిగొచ్చి ఎవరి గదిలో వాళ్ళు పడుకున్నారట.

ఆకాశంలో ఆ రాయి పట్టపగలే కనిపించేది. మొదట గోరంత ఉండేది, తర్వాత గుండీ అంత అయింది. జనం దానికి చుట్టం అని పేరు పెట్టారు. పిలవకుండా వచ్చేదీ, వస్తే పోనిదీ చుట్టమే కదా. "ఎంతవరకొచ్చాడు చుట్టం?" అని ఒకడంటే, "వీధి మలుపు తిరిగాడు, కుర్చీ వేసి ఉంచండి" అని ఇంకొకడు అనేవాడు. వానలు పడేలోపే వస్తాడని పెద్దపెద్ద దుర్భిణులు పెట్టుకుని చూసేవాళ్ళు చెప్పేశారు. ఆ తర్వాత వాళ్ళ మాటే వినపడలేదు. వాళ్ళూ ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు.

నేను వెళ్ళలేదు. నాకు ఇల్లంటే అక్కా బావల ఇల్లే. పెళ్ళి చేసుకోలేదు. నేరాలు వెతకడం తప్ప మరో పని చేతకాదు. నా పద్ధతి చూసి స్టేషన్లో నవ్వేవాళ్ళు. నేను ఎవర్నీ ఏం జరిగిందని అడగను. ఏం చేశావో చెయ్యి, చూస్తాను అంటాను. నోటికి అబద్ధం అలవాటే కాని చేతులకు అంత అలవాటు ఉండదు. నాలుకకు వెయ్యి దారులుంటాయి, చేతికి తను చేసిన దారి ఒక్కటే గుర్తుంటుంది. స్టేషన్ అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయన నన్ను "జాతకాలోడా" అని పిలిచేవాడు, చేతులు చూస్తానని.

బావ లిఫ్టు మెకానిక్. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఆ రోజుల్లో ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మిగతా మెకానిక్కులు పనిముట్లు మూలపడేశారు. బావ మాత్రం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఆ రోజూ అలాగే బయల్దేరుతుంటే అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"లోకం మునిగిపోతుంటే లిఫ్టులేంటండీ మీకు?"

"మునగదే, కాలిపోతుందట. పేపర్లో చదవలేదూ?"

"మీ వేళాకోళం తగలెయ్య. ఇవాళ ఎవరి కొంప ఉద్ధరించాలి?"

"ఆ పాత ఆరంతస్తుల మేడలో పైన ఒక ముసలావిడ ఉంది. కాళ్ళు సరిగ్గా పనిచెయ్యవు. ఒక్కసారి నేల మీద నడవాలంటోంది. పిల్లిపిల్లని దించినట్టు మెడ పట్టుకుని దించమంటావా?"

"మిగిలిన నాలుగు రోజులూ నా పక్కన కూర్చోమంటే ఊరందరి లిఫ్టులూ పట్టుకుని వేలాడతారు. వెళ్ళండి. ఆ గోతిలోనే ఉండండి. ఇంటికి రానక్కర్లేదు."

బావ నవ్వాడు. నా వైపు తిరిగి, "విన్నావుగా బావమరిదీ? సాక్షివి నువ్వే" అన్నాడు. అక్కను సుతారంగా పక్కకు జరిపి మెట్లు దిగాడు. అదే ఆఖరు.

సాయంత్రం ఆ మేడ వాచ్‌మన్ మనిషిని పంపాడు. లిఫ్టు అడుగున గోతిలో దొరికాడు బావ. పెద్దసారు వచ్చి టార్చి వేసి చూశాడు. ఒంటి మీద బనియన్, ప్యాంటు. "చొక్కా విప్పి మరీ దూకాడు పాపం" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "తనే" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆ వారమంతా నేనూ ఎంతోమంది తమ్ముళ్ళతో, బావమరుదులతో ఆ మాటే చెప్పి ఉన్నాను.

దహనం అయ్యాక అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. ఏడవడం లేదు. గిన్నె తోముతోంది. తోమిందే తోముతోంది.

"నువ్వు కూడా తనే అంటావా?"

నేను పీట లాక్కుని కూర్చున్నాను.

"పొద్దున అంత మాట అన్నాను కదా. గోతిలోనే ఉండమన్నాను కదా. అందుకే ఉండిపోయాడంటావా?"

"అక్కా, ఒక్కోసారి కాలు..."

"కాలు జారిందని మాత్రం చెప్పకు. లిఫ్టు నెత్తిన కూర్చుని టీ తాగే మనిషి. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా ఎక్కించాడు, భయమెయ్యదు చూడమని. ఆయన కాలు జారదు." గిన్నె బోర్లించింది. "ఎవరో చేశారు. ఎవరో నువ్వు కనుక్కో. నేను కత్తి పట్టుకుని పోను. కోర్టుకెక్కను. నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలిరా. ఎవరూ లేకపోతే ఈ నోరు నన్నే తింటోంది."

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె కోరుతున్నది హత్య. ఎవరో చంపి ఉండాలని దేవుడికి మొక్కుతోంది. చంపి ఉంటే ఆయన తనను వదిలి వెళ్ళనట్టు. చుట్టం రాకముందే తన మాటతో తనే మొగుణ్ణి తరిమెయ్యనట్టు. మామూలు కాలంలో అయితే ఏ పెళ్ళాం అలా కోరుకోదు. కాని మామూలు కాలంలో మనుషులకు పశ్చాత్తాపపడటానికైనా చాలినంత తీరిక ఉంటుంది, మెల్లగా మర్చిపోవడానికీ ఉంటుంది. అక్కకు ఆ రెండూ లేవు.

మర్నాడు పెద్దసారుతో చెప్పాను, బావ సంగతి చూస్తానని.

"జాతకాలోడా, హంతకుణ్ణి పట్టుకుని ఏం చేస్తావ్?"

"తెలుసుకుంటాను."

"ఉరి తియ్యడానికి చుట్టం వస్తున్నాడుగా, అందర్నీ కలిపి." సిగరెట్టు వెలిగించుకున్నాడు. ఆ వేసవిలోనే నేర్చుకున్నాడు సిగరెట్టు. "పో. నీకూ ఏదో ఒక పని ఉండాలిగా."

ఆ మేడ వాచ్‌మన్ ముసలివాడు. ఇళ్ళన్నీ దాదాపు ఖాళీ అయినా మెట్లు ఊడుస్తూనే ఉన్నాడు. నన్ను చూడగానే చీపురు గోడకు ఆనించి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చేతులు దాచుకునే మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. నా ముందు అంతకంటే పెద్ద వాంగ్మూలం ఉండదు.

"ఏం జరిగిందని అడగను పెద్దాయనా. ఆ రోజు మధ్యాహ్నం నువ్వు ఏం చేశావో అదే మళ్ళీ చేసి చూపించు."

"ఏం చేశాను సార్, వెనక నీళ్ళు పట్టాను. వచ్చాను."

"పట్టు. రా."

వెనక్కి వెళ్ళి బకెట్టు పట్టుకుని వచ్చాడు. మెట్ల కింద స్విచ్‌బోర్డు గది ముందు దించాడు. నుదురు తుడుచుకున్నాడు. పైకి చూశాడు, ఎవరో కేకేసినట్టు. తర్వాత లోపలికి వెళ్ళి మెయిన్ స్విచ్ పిడి వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి సగంలో ఆగింది. వేళ్ళు విడిపోయి, ఏదో ఉండాల్సిన చోట తడుముతున్నట్టు కదిలాయి. ఆ తర్వాత పిడిని పట్టుకుని పైకి ఎత్తాయి.

"అక్కడెందుకు ఆగింది చెయ్యి?"

ముసలాయన అక్కడే కూలబడ్డాడు.

"చొక్కా కోసం చూశాను సార్."

"ఏ చొక్కా?"

"మీ బావగారిదే. ఆయన లోపలికి దిగితే మెయిన్ ఆపి ఎర్రగుడ్డ కడతాడు. ఎర్రగుడ్డ ఉంటే ఎవరూ ముట్టుకోకూడదని. ముందురోజు ఎక్కడో తాడు తెగిన లిఫ్టు తలుపుకి ఆ గుడ్డ కట్టేసి వచ్చాడంట, ఎవరూ ఎక్కకుండా. అందుకని చొక్కా విప్పి ఈ పిడికి తగిలించాడు. 'నీ బోడి స్విచ్‌కి ఇవాళ నా చొక్కాయే కాపలా ముసలోడా. చొక్కా ఉంటే నేను లోపలున్నట్టు, లేకపోతే పోయినట్టు' అన్నాడు."

"నువ్వొచ్చేసరికి?"

"లేదు సార్. వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడనుకున్నాను. పని అయిపోయింది, మెయిన్ వెయ్యడం మర్చిపోయాడనుకున్నాను. పైనుంచి పెద్దమ్మ ఒకటే కేకలు, కరెంటొచ్చిందిగా, పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో, వెయ్యరా అని. వేశాను." రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. "లిఫ్టు బాగానే నడిచింది సార్. పైకెళ్ళి పెద్దమ్మని తీసుకుని కిందికొచ్చింది. ఆవిడ చెప్పులు విడిచి వీధిలో అటూ ఇటూ నడిచింది. చిన్నపిల్లలా నవ్వింది. మళ్ళీ పైకెళ్ళింది. లిఫ్టు కదిలిన ఊపుకే పడిపోయి ఆయన అప్పటికే అడుగునున్నాడని మాకెవరికి తెలుసు?"

నేను బకెట్టు జరిపి అతని పక్కన కూర్చున్నాను.

"పొద్దున ఏమైనా అన్నాడా ఇంకా?" అని అడిగాను.

"అన్నాడు సార్. ఇదే ఆఖరిది ముసలోడా, ఇంక ఏ లిఫ్టూ ముట్టను, ఇంటికెళ్ళి మా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటాను, ఇవాళ బాగా తిట్టింది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు." లేచి నిలబడ్డాడు. "నన్ను తీసుకెళ్తారా సార్?"

"ఎక్కడికి?"

ముసలాయన చీపురు తీసుకుని మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

ఇంటికి నడిచి వస్తూ ఒక దొంగను మనసారా కోరుకున్నాను. ఊళ్ళో దుకాణాలన్నీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎవడికి కావలసింది వాడు పట్టుకుపోతున్నాడు. అలాంటి ఊళ్ళో గ్రీజు మరకల చొక్కా ఎత్తుకుపోయే దొంగ ఎవడుంటాడు? అయినా ఉండాలని, ఒక్కడైనా ఉండాలని అనుకుంటూ నడిచాను. బావకు చొక్కాలు చాలా ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రం కబురు తెచ్చిన మనిషి వచ్చేసరికి అక్క పెరట్లో తాడు మీద ఒక చొక్కా ఆరేస్తూ ఉందని మాత్రం గుర్తు చేసుకోకుండా ఉండలేకపోయాను.

అక్క మంచం మీద కూర్చుని ఆ చొక్కాయే మడత పెడుతోంది. నీలం చొక్కా. జేబు మీద నల్లటి మరక.

"మరక పోలేదు చూడు. రెండుసార్లు సబ్బు పెట్టాను" అంది.

"ఇది ఆ రోజు వేసుకెళ్ళిందేనా?"

"ఆ." బావ పోయాక మొదటిసారి ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. "నీతో చెప్పలేదు కదూ. పొద్దున అన్ని మాటలన్నాక మనసు ఊరుకోలేదు. మధ్యాహ్నం వెళ్ళాను అక్కడికి. లోపల ఎక్కడో పైన టకటకా కొడుతున్నాడు. పిలుద్దామనుకున్నాను, పౌరుషం అడ్డొచ్చింది. మురికి చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు మెట్ల కింద చీకటి గదిలో గోడకి తగిలించి ఉంది. సరే, ఉతికిపెడదాం, బనియన్‌తోనే వీధంతా నడిచి ఇంటికొస్తాడు, తలుపు తియ్యగానే ఆ అవతారం చూసి నవ్వేస్తాను, అలకలు తీరిపోతాయి అనుకున్నాను. ఇలా..."

ఆమె చెయ్యి గాల్లోకి లేచింది. రెండు వేళ్ళతో కాలరు పట్టుకుని, మేకు నుంచి తప్పించినట్టు కాస్త పైకెత్తి, తీసుకుంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురింటివాళ్ళ పిల్లి గోడ మీద పడుకుని ఉంది.

"ఏమైనా తేలిందా?" అంది అక్క.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే, నిజం తేలాక దాన్ని చెప్పెయ్యడం. దాన్ని మోసేది వినేవాళ్ళ పని. కాని ఇక్కడ ఏ వైపు తిప్పి చూసినా నిజం వెళ్ళి ఆ రెండు వేళ్ళ దగ్గరే ఆగుతోంది. తనే దూకాడంటే ఆమె నోరు చంపినట్టు. పొరపాటున కరెంటు వేశారంటే, వేసింది ఎవరంటుంది. వాచ్‌మన్ అంటే పరుగున వెళ్ళి ముసలాయన కాలరు పట్టుకుంటుంది. అతను చెప్పే మొదటి మాటే "చొక్కా లేదమ్మా" అని. ఆమెకు కావలసిన మనిషి దొరకాలి, వాడు ఎన్నటికీ నోరు విప్పకూడదు. అలాంటివాణ్ణి ఎంత వెతికినా ఆ ఊళ్ళో ఒక్కడే కనిపించాడు.

"అక్కా, నేనే."

"ఏంటి నువ్వే?"

"స్విచ్ వేసింది నేనే. మీరిద్దరూ పోట్లాడుకున్నారని బావను తీసుకురావడానికి వెళ్ళాను. నువ్వు వచ్చి వెళ్ళాకే అయుంటుంది. లిఫ్టెక్కి పైకెళ్దామనుకున్నాను. కరెంటు లేదు. మెయిన్ వేశాను."

తప్పు ఒప్పుకునేవాళ్ళను ఎంతోమందిని విన్నాను నేను. అబద్ధం చెప్పేవాడు కథను శుభ్రంగా చెప్తాడు. నిజం చెప్పేవాడి మాటల్లో ఎందుకూ పనికిరాని చెత్త ఉంటుంది. అందుకని ఆగి, "పిడి మీద ఒక చీమ పాకుతోంది. దాన్ని ఊదాను" అన్నాను.

అక్క చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"ఎర్రగుడ్డ?"

"ఉంది. నేనే చూసుకోలేదు."

"చూసుకోలేదా? నువ్వా?"

"చీమను చూశాను."

చాలాసేపు నన్నే చూసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నాకు జ్వరం వస్తే నాకంటే ముందు ఆమెకు తెలిసేది. నేను అబద్ధమాడితే పట్టుకోగలిగింది లోకంలో ఆమె ఒక్కతే. ఆ క్షణం పట్టుకోకూడదని ఎంత కోరుకున్నానో, పట్టుకోవాలనీ అంతే కోరుకున్నాను.

"చూపించు" అంది. "అందరి చేతులూ చూస్తావుగా. ఏం చేశావో నీ చేత్తో చూపించు."

చెయ్యి చాపాను. వాచ్‌మన్ చెయ్యి ఆగిన చోట నా చెయ్యి ఆగకూడదు. చూడనివాడి చెయ్యి ఆగదు. మెడ కాస్త వంచి చీమను ఊదాను. లేని పిడిని పట్టుకుని ఒక్క ఊపున పైకెత్తాను.

అక్క నమ్మింది.

మడత పెట్టిన చొక్కా ఒళ్ళోంచి జారి కింద పడింది. తియ్యలేదు.

"అయితే దూకలేదు" అంది.

"లేదు."

"నా మాట పట్టుకుని పోలేదు."

"లేదక్కా. వాచ్‌మన్‌తో అన్నాట్ట, ఇదే ఆఖరిది, ఇంక ఏ లిఫ్టూ ముట్టను, ఇంటికెళ్ళి మా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటాను, బాగా తిట్టింది అని. నవ్వుతూ అన్నాట్ట."

అప్పుడు ఏడ్చింది. శవం దగ్గర, చితి దగ్గర రాని ఏడుపు. మంచం పట్టె మీద తల ఆనించి, ఇంట్లో ఆయన పక్కనే ఉన్నట్టు, "ఏమండీ" అంటూ ఏడ్చింది. నేను నిలబడే ఉన్నాను. దగ్గరికి వెళ్ళే హక్కు అప్పటికే పోయింది నాకు. కాసేపటికి ముఖం తుడుచుకుని లేచింది.

"నా కళ్ళ ముందు ఉండకు."

"సరే."

"చుట్టం వచ్చే రోజైనా సరే, ఈ గుమ్మం తొక్కకు."

సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని వచ్చేశాను. వస్తుంటే వెనకనుంచి మొదటి తిట్టు వినిపించింది. ఆ గొంతులో నీరసం లేదు.

స్టేషన్లో పెద్దసారు ఏమీ అడగలేదు. లాకప్పులో ఒక పరుపు వేయించాడు. "తాళం చెవి పోయింది, తలుపు మాత్రం వేసుకోకు" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన కూడా రావడం మానేశాడు.

ఇప్పుడు ఆకాశంలో చుట్టం ఎంత పెద్దగా ఉన్నాడంటే మనుషులకు రెండేసి నీడలు పడుతున్నాయి. చుట్టం మీద ఇప్పుడెవరూ జోకులు వెయ్యడం లేదు. ఎవరికి వాళ్ళు తమవాళ్ళ దగ్గరికి చేరుకున్నారు. వీధుల్లో ఒంటరిగా తిరిగేది కుక్కలూ నేనూ.

ఇవాళ పొద్దున ఉండబట్టలేక మా వీధికి వెళ్ళాను. ఎదురింటి గోడ పక్కన నిలబడ్డాను. కిటికీ తెరిచి ఉంది. అక్క జుట్టు దువ్వుకుంటోంది. పక్కింటావిడ ఎవరో కూర్చుని వింటోంది. అక్క గొంతు వీధిలోకి స్పష్టంగా వస్తోంది. "పెంచిన చేతినే కరిచాడమ్మా. చీమను చూశాట్ట, మనిషిని చూడలేదట. వాడి చేతులు పడిపోనూ. ఆయన నా దగ్గరికి వచ్చేసేవాడే, ఇంటికొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంటానన్నాడట..." ఆ ముక్క దగ్గర గొంతు మెత్తబడింది. మళ్ళీ తిట్లు అందుకుంది. ముఖం తేటగా ఉంది. అన్నం తింటున్నట్టుంది.

దువ్వెన పక్కన పెడుతూ నన్ను చూసింది.

ఇన్ని రోజుల్లో నేను దిద్దుకోలేని తప్పొకటి ఆ అబద్ధంలో ఉండిపోయింది. కరెంటే లేకపోతే నేను మెయిన్ వేస్తే లిఫ్టెలా కదిలింది? కరెంటు ఉందని నాకెలా తెలిసింది? ఒక్క ప్రశ్న అడిగితే మొత్తం పేకమేడలా కూలిపోతుంది. కొత్తగా చేరిన కానిస్టేబులైనా అడిగే ప్రశ్న. అది అక్కకు తట్టకూడదని లాకప్పులో పడుకుని దణ్ణాలు పెట్టుకున్నాను. కాని ఆమె నన్ను చూసిన ఆ క్షణంలో, పిరికివాణ్ణి, అది ఇప్పుడే తట్టాలని కోరుకున్నాను. "ఒరేయ్, ఇటు రా, కరెంటు సంగతేంటి?" అని అరవాలని, నా చెవి పట్టుకుని ఇంట్లోకి లాగాలని.

అక్క కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి లాగింది. లోపలినుంచి గడియ పడింది.

ఎండ ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను. కిటికీ తెరుచుకోలేదు.